సుగ్గికి పోయే ఊరిలో ఒక బడి సంవత్సరం

ఆంధ్రప్రదేశ్‌లో బడి సంవత్సరం జూన్ 12న మొదలై ఏప్రిల్ నాలుగో వారంలో ముగుస్తుంది. ఇది సర్కారు క్యాలెండరు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, అంటే కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని, హొళగుంద వైపు పల్లెల్లో, దీంతో పాటు ఇంకో క్యాలెండరు కూడా నడుస్తుంటుంది. అది ఏరువాక పున్నమితో మొదలవుతుంది. దసరా దాటగానే ఊరు ఖాళీ అవుతుంది. ఉగాదికి మళ్లీ నిండుతుంది. ఆ మధ్య నెలల్లో జనం పత్తి తీయడానికి, ఆ వెనక మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు, తెలంగాణ దిక్కులకు పోతారు. సుగ్గికి పోయినారు అంటే మా దిక్కున ఎవరికైనా అర్థమవుతుంది. ఎక్కడికి, ఎందుకు అని ఎవరూ అడగరు.

నేను పనిచేసే ప్రాథమిక పాఠశాల అలాంటి ఊళ్లోనిది. రెండు గదులు, ఒక వరండా, గేటు పక్కన వేపచెట్టు, వంటకు రేకుల షెడ్డు. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లం. 1, 2 తరగతులు మా సహోపాధ్యాయినివి, 3, 4, 5 తరగతులు నావి. మా బడిలో ఒక ఏడాది ఎలా గడుస్తుందో ఈ పూట మీకు చెప్పాలని ఉంది. పుస్తకాల గురించి, పరీక్షల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను హాజరు పట్టీ గురించి చెబుతాను. మా ఊరి వానలు, అప్పులు, పంటలు అన్నీ ఆ పట్టీలో కనిపిస్తాయి.

జూన్‌లో పట్టీ నిండుగా ఉంటుంది. కొత్త సంచులు, కొత్త నోటు పుస్తకాలు, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు ఇస్తాం. కొత్త పుస్తకం చేతికి రాగానే పిల్లలు ముందు దాన్ని వాసన చూస్తారు. మేమూ అలాగే చేసేవాళ్లం. ఒకటో తరగతిలో చేరేవాళ్లలో కొందరు ఇంట్లో కన్నడం మాట్లాడతారు, కొందరు ఉర్దూ మాట్లాడతారు. తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా. పెళ్లి సంబంధాలు, సంతలు అన్నీ అటూ ఇటూ కలిసే ఉంటాయి. అలాంటి పసివాడు మొదటివారం నోరు విప్పడు. వాణ్ని ఐదో తరగతి పిల్లల పక్కన కూర్చోబెడతాం. వాళ్లే వాడికి మాటలు నేర్పుతారు, నీళ్ల ట్యాంకు చూపిస్తారు, మధ్యాహ్నం పళ్లెం కడగడం నేర్పుతారు. పెద్ద బడిలో ఈ పనికి ఒక మనిషిని పెట్టాలి. చిన్న బడిలో అది దానంతటదే జరిగిపోతుంది.

ఒకే గదిలో మూడు తరగతులు ఉంటే చదువు ఎలా సాగుతుందని పట్నంవాళ్లు అడుగుతుంటారు. కష్టమే. ఇద్దరిలో ఒకరం స్కూల్ కాంప్లెక్సు మీటింగుకో శిక్షణకో వెళ్లిన రోజు ఐదు తరగతులూ ఒక్కరి మీద పడతాయి. ఆ రోజు పాఠం జరిగిందని చెప్పలేను, పిల్లలు బడిలో ఉన్నారని మాత్రం చెప్పగలను. కానీ ఆ గదికి ఒక మేలు కూడా ఉంది. ఐదో తరగతికి భిన్నాలు చెబుతుంటే మూడో తరగతివాడు పలక మీద కూడికలు చేస్తూ ఒక చెవి ఇటు వేసి ఉంటాడు. రెండేళ్ల తర్వాత ఆ పాఠం తన దాకా వచ్చేసరికి వాడికి అది పాత చుట్టం.

జూలైలో వాన పడితే విత్తనం. పత్తి గింజ నాటే రోజుల్లో పెద్దపిల్లలు రెండు మూడు రోజులు కనపడరు. ఆగస్టులో కలుపు. శ్రావణ సోమవారాల్లో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి బండ్లు కట్టుకుని, ఆటోలెక్కి పోతారు. పీర్ల పండగ వచ్చిందంటే హిందువులూ ముస్లింలూ అని లేకుండా ఊరంతా చావడి దగ్గరే ఉంటుంది, ఆ రోజు సెలవు ఇచ్చినా ఇవ్వకున్నా ఒకటే. ఇవన్నీ చిన్న గైర్హాజర్లు. వీటికి నేను బాధపడను. ఆ రోజుల్లో పోయిన పాఠం నాలుగు రోజుల్లో తిరిగి వస్తుంది.

ఆ నెలల్లో నన్ను బాధపెట్టేది చంకలో తమ్ముణ్ని ఎత్తుకుని వచ్చే పిల్ల. అలాంటి పిల్ల మా బడిలో ఏ ఏడాదీ లేకుండా లేదు. తల్లి కలుపుకు పోతుంది, అంగన్‌వాడీ తెరిచేలోపే చేను చేరాలి, చంటివాణ్ని చూసేది ఎవరు? మూడో తరగతి చదివే అక్క. నాలుగేళ్ల కిందట అలాంటి పిల్ల ఒకతె ఉండేది. వాడు ఏడ్చినప్పుడల్లా లేచి వరండాలోకి పోయేది. నేను ఉక్తలేఖనం చెబుతుంటే కిటికీ అవతల వాణ్ని ఊపుతూ, నా వెంట ఆ మాటలు నోటితో పలికేది. రాయడానికి చేతులు ఖాళీ లేవు. ఒకరోజు 'నువ్వు పలికిందంతా ఇప్పుడు రాయమ్మా' అని పలక ఇస్తే, పది మాటల్లో ఎనిమిది తప్పు లేకుండా రాసింది. మిగతా రెండింటిలో ఒత్తు జారింది. ఆ పిల్లకు గైర్హాజరు వేయాలా, హాజరు వేయాలా? తమ్ముడుంటే బడిలోకి రానీయకూడదని ఏదో పరిశీలనకు వచ్చినవారు చెప్పారు. రానీయకపోతే ఆ పిల్ల కూడా రాదు. మేం రానిచ్చాం.

మధ్యాహ్న భోజనం గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముందుకు పోదు. వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి అమలైంది. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, మొత్తం మీద 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలని లెక్క. లెక్క అలా ఉంటే, మా వంటామెకు ఇంకో లెక్క తెలుసు. సోమవారం బియ్యం కొంచెం ఎక్కువ పడతాయి. ఆదివారం ఇళ్లల్లో రాత్రి పూట సరిగా తినని పిల్లలు సోమవారం రెండోసారి పళ్లెం పట్టుకుని వస్తారు. గుడ్డు ఉన్న రోజు హాజరు పెరుగుతుంది. ఈ మాటను కొందరు చులకనగా అంటారు, పిల్లలు తిండి కోసం వస్తున్నారని. తిండి కోసం వస్తే తప్పేముంది? ఆకలితో ఉన్న పిల్ల అక్షరం మీద చూపు నిలపలేదు. మా బడిలో పన్నెండున్నర దాటాక పాఠం చెప్పి చూసిన ఎవరికైనా ఇది తెలుస్తుంది.

ఆ వంటామెకే ఇంకో సంగతి కూడా అందరికంటే ముందు తెలుస్తుంది. సెప్టెంబరు చివర్లో, శనక్కాయ పెరికి కట్టె గడ్డి వాముకు చేరే రోజుల్లో, కుళాయి దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకుంటారు. ఎవరింటికి కూలీలను కుదిర్చే మేస్త్రి వచ్చాడు, ఎవరు అడ్వాన్సు తీసుకున్నారు, ఏ ఊరికి పోతున్నారు అన్నీ అక్కడే బయటపడతాయి. ఆమె అన్నం వడ్డిస్తూ నాతో అంటుంది: 'సార్, ఫలానా ఇంటోళ్లు ఈసారి దీపావళి దాకా కూడా ఉండరంట.' ఆ సాయంత్రమే నేను ఆ ఇంటికి పోతాను.

ఆ ఇంటి అరుగు మీద జరిగే మాటలు దాదాపు ప్రతి ఏడాదీ ఒకే తీరుగా ఉంటాయి. తండ్రి తల వంచుకుని కూర్చుంటాడు. తల్లి మాట్లాడుతుంది.

'యాడ ఇడిసి పోవల్ల సార్ ఈన్ని? మా అత్తకు కండ్లు సరిగ కనపడవు. రాత్రిపూట వానికి జరమొస్తే ఎవురు చూస్తారు?'

'బడి మేం చూసుకుంటామమ్మా. మధ్యాహ్నం అన్నం ఇక్కడే. రాత్రికి మాత్రం అవ్వ దగ్గర ఉంటే చాలు.'

'పెద్దదాన్ని ఇడిస్తే చిన్నోన్ని ఎవురు ఎత్తుకోవల్ల? మేమిద్దరం చేన్లో ఉంటే గుడిసె కాడ ఎవురుండల్ల?'

వీటికి నా దగ్గర తయారుగా జవాబు ఉండదు. పిల్లలను పనికి పంపాలని ఆశపడే తల్లిని నేను ఇంతవరకూ చూడలేదు. వాళ్లది వాన మీద ఆధారపడ్డ నేల. ఒక బోరు వేసి నీళ్లు పడకపోతే ఆ అప్పు తీరడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సుతో ఆ వడ్డీ కడతారు. అక్కడ కూలి తూకం మీద వస్తుంది, ఎన్ని కిలోలు కోస్తే అంత. పదేళ్ల పిల్ల చెయ్యి కూడా ఆ తూకంలో కలుస్తుంది. ఇంత తెలిసీ ఆ తల్లికి విద్య గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వడం నాకు చేతకాదు. అడగవలసింది మాత్రం అడుగుతాను. అందరినీ వదలలేకపోతే ఒక్కర్నైనా వదలమంటాను. అదీ కుదరకపోతే సంక్రాంతి దాకా ఆపమంటాను. పత్తికి మీరు పోండి, కాయకోతకు పోయేటప్పుడు చూద్దాం అంటాను. కొన్నిసార్లు బేరం కుదురుతుంది.

వలస పోయే ఇళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు అనే ఏర్పాటు ఉంది. తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా పిల్లలు సొంత ఊరి బడిలోనో, దగ్గరి ఊరిలోనో రాత్రి పడుకుంటారు, పొద్దున టిఫిను, రాత్రి భోజనం అక్కడే. మంచి ఆలోచన. నా ఉద్దేశంలో మా ప్రాంతానికి దీనికంటే అవసరమైన పథకం లేదు. కానీ దాని ప్రాణమంతా తేదీలో ఉంది. దసరా సెలవులకు ముందే హాస్టలు తెరుచుకుంటే పిల్లవాడు ఊళ్లో ఆగుతాడు. లారీ వెళ్లిన వారానికి అనుమతి వస్తే ఆ మంచాలు ఖాళీగా ఉంటాయి. ఖాళీగా ఉన్నాయి కాబట్టి వచ్చే ఏడు అవసరం లేదని రాసుకునే ప్రమాదం కూడా ఉంది. అందుకే మా మండలాల తల్లిదండ్రుల కమిటీలు ఆగస్టులోనే పేర్లు రాసి ఇవ్వాలని నేను ప్రతి సమావేశంలోనూ చెబుతున్నాను.

లారీ రాత్రి వస్తుంది. బియ్యం మూటలు, జొన్నపిండి, పొయ్యికి కట్టెలు, చాపలు, బిందెలు, ట్రంకుపెట్టె, కాళ్లు కట్టిన కోళ్లు ఎక్కుతాయి, వాటిపైన ముసలివాళ్లు, ఆ పైన పిల్లలు. పిల్లలకు ఆ రాత్రి పండగలాగే ఉంటుంది, ప్రయాణం కదా. ఒక పిల్లవాడు పైనుంచి 'సార్, నా తెలుగు పుస్తకం సంచిలో పెట్టుకున్యా' అని అరిచి చెప్పాడు. తెల్లారి పట్టీ తెరిస్తే వరసగా సున్నాలు. పేరు కొట్టేయం. కొట్టేస్తే ఆ పిల్ల బడి మానేసినట్టు అవుతుంది. ఏ బడిలోనూ పేరు కనపడని పిల్లల్ని ఇప్పుడు ఆన్‌లైన్ లెక్కల్లో డ్రాప్‌బాక్స్‌లో ఉన్నారంటారు. మా పిల్లల పేర్లు అందులో పడకుండా చూసుకోవడం శీతాకాలమంతా మాకు ఒక పని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లలు తక్కువగా ఉన్నారు కాబట్టి చిన్న బడులను పక్క ఊరి బడిలో కలిపేద్దామనే ఆలోచన కొన్నేళ్లుగా వస్తూ పోతూ ఉంది. మా బడిలో పిల్లలను జూలైలో లెక్కపెడితే ఒక సంఖ్య వస్తుంది, ఫిబ్రవరిలో లెక్కపెడితే అందులో సగం వస్తుంది. ఏది నిజం? రెండూ నిజమే. ఫిబ్రవరిలో వచ్చే ఆ సగం మంది అవ్వల దగ్గర, తాతల దగ్గర ఉంటున్న పిల్లలు. వాళ్లను రెండు కిలోమీటర్ల అవతలి బడికి పంపడానికి ఆ ముసలివాళ్లకు కాళ్లు లేవు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఐదో తరగతి వరకు బడి కిలోమీటరు లోపల ఉండాలని దాని నియమాలు చెబుతున్నాయి. 60 మంది దాకా పిల్లలున్న బడికి ఇద్దరు టీచర్లు, ఏడాదికి 200 పనిదినాలు అని ఆ చట్టంలోనే ఉంది. నడక దూరంలో బడి ఉండబట్టే వాళ్లలో కొందరైనా ఊళ్లో ఆగుతున్నారు. ఆ బడినే తీసేస్తే లారీలో ఇంకొందరు ఎక్కుతారు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో బడి చిన్నబోతుంది. 26న జెండా ఎగరేస్తే పాట పాడే గొంతులు తక్కువ. ఖోఖోకు జట్లు కుదరవు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఒకే ఆట ఆడతారు. కానీ చదువు పరంగా ఆ రెండు నెలలు మాకు విలువైనవి. ఒక్కొక్క పిల్ల పక్కన కూర్చుని చదివించే తీరిక దొరుకుతుంది. మధ్యాహ్నం పూట తల్లిదండ్రులకు ఫోను చేయిస్తాను. ఒకసారి వీడియో కాల్‌లో మిరప కల్లం కనిపించింది. తెర మొత్తం ఎర్రగా నిండిపోయింది. ఆ ఎరుపు మధ్యలో కూర్చుని మా నాలుగో తరగతి పిల్ల తాలుకాయలు ఏరుతోంది. ఇక్కడి నుంచి తమ్ముడు 'అక్కా, బాగుండావా' అన్నాడు. నేను ఫోను తీసుకుని 'ఏమైనా చదువుతున్నావామ్మా' అని అడిగాను. పక్కనున్న సంచి మీద అచ్చువేసిన అక్షరాలు గడగడా చదివి వినిపించింది. కంపెనీ పేరు, ఊరి పేరు, నికర బరువు. గది అంతా చప్పట్లు కొట్టింది.

మార్చి సగం నుంచి ఒంటిపూట బడులు. ఉగాదికి లారీలు తిరిగి వస్తాయి. పిల్లలు కొత్త బట్టలు వేసుకుని బడికి వస్తారు. కొందరి చేతులు ఇంకా మండుతుంటాయి, కొందరు మిరప ఘాటుకు పట్టిన దగ్గుతో ఉంటారు. చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. దసరాకు ముందు గడగడ చదివిన పేరానే తడుముకుంటూ చదువుతారు. కానీ లెక్కల్లో నన్ను ఆశ్చర్యపరుస్తారు. ఐదో తరగతికి కిలోగ్రాములు, గ్రాములు చెబుతుంటే, ముందురోజే కాయకోత నుంచి వచ్చిన పిల్లవాడు నోటితోనే సమాధానాలు చెప్పేశాడు. ఇన్ని కిలోలకు ఇంత అయితే అన్ని కిలోలకు ఎంత, అందులో అడ్వాన్సు పోతే చేతికి ఎంత వస్తుంది అన్నీ చెప్పాడు. రోజూ సాయంత్రం కాటా పక్కన నిలబడి నేర్చుకున్నాడు. ఆ పిల్లవాడి ప్రగతి పత్రంలో లెక్కలకు వచ్చిన మార్కులు తక్కువే. ప్రశ్న చదవలేకపోయాడు, చదివి వినిపిస్తే జవాబు ఉంది.

ఇలాంటి పిల్లలకు ఏం చేయాలో మా రాయలసీమలోనే చేసి చూపించినవారు ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్నచిన్న ఏకోపాధ్యాయ బడులు నడిపింది. పాఠాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా వరుస పెట్టారు. ప్రతి కార్డుకూ ఒక గుర్తు ఉంటుంది. పిల్ల ఏ మెట్టు దగ్గర ఆగిందో అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. నాలుగు నెలలు రాకపోయినా తరగతి తనను వదిలేసి పోయిందనే భయం ఉండదు. ఆ పద్ధతిని చూసి తమిళనాడు 2003 నుంచి చెన్నై బడుల్లో మొదలుపెట్టి రాష్ట్రమంతటా తీసుకుపోయింది. మా బడిలో అంత సరంజామా లేదు. పాత క్యాలెండర్ల వెనుక వైపు రాసి కత్తిరించిన కార్డులు ఉన్నాయి. ఉగాది తర్వాత వచ్చే పిల్లలకు పాఠ్యపుస్తకం పక్కన పెట్టి ఆ కార్డులే ఇస్తున్నాం. మా సహోపాధ్యాయిని గుణింతాల కార్డులకు పిల్లలచేతే బొమ్మలు వేయించింది, కాకరకాయ బొమ్మ వేసిన పిల్లకు 'కా' మరిచిపోవడమనేది లేదు.

అయినా నెల రోజుల్లో ఏమవుతుంది? ఏప్రిల్‌లో ఏడాది పరీక్ష అందరికీ ఒకటే. 200 రోజులు బడిలో ఉన్న పిల్లకూ, అందులో సగం రోజులు మిరప చేలో ఉన్న పిల్లకూ అదే ప్రశ్నపత్రం. మా మండలాల్లో వేసవి సెలవుల్లో కొన్ని వారాలు, ఊరంతా ఇంటి దగ్గరే ఉండే రోజుల్లో, వలస పిల్లల కోసం పొద్దుటి పూట బడి నడపాలని నా కోరిక. ఎండలు ఉంటాయి, నిజమే. ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకా మా వేపచెట్టు కింద నీడ ఉంటుంది. చట్టం కూడా వెనుకబడ్డ పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనే చెబుతోంది.

ఏప్రిల్ చివర్లో ఐదో తరగతివాళ్లకు టీసీలు రాస్తాం. మగపిల్లలు సైకిలెక్కి హైస్కూలుకు పోతారు. ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోవాళ్లు ఆలోచనలో పడతారు. ఆరో తరగతి నుంచి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో తిండి, వసతి, చదువు అన్నీ ఉంటాయి. దరఖాస్తు నింపి, ఆధార్ కాగితాలు జతచేసి, ఆ పిల్ల పేరు జాబితాలో వచ్చేదాకా వెంట ఉండడమే మా వేసవి పని. తమ్ముణ్ని చంకనెత్తుకుని వరండాలో ఉక్తలేఖనం పలికిన పిల్ల ఇప్పుడు అలాంటి విద్యాలయంలోనే చదువుతోంది. ఆ తమ్ముడు ఈ జూన్‌లో మా ఒకటో తరగతిలో చేరాడు.

చివరగా ఒక విన్నపం. ఈ మాటలు గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల రైతులకు, అక్కడి బడుల ప్రధానోపాధ్యాయులకు చేరాలని కోరుకుంటున్నాను. మా ఊళ్ల నుంచి మీ చేలకు వచ్చే గుంపుల్లో పిల్లలు ఉంటారు. వాళ్ల గుడిసెలకు దగ్గరలో ఏదో ఒక ప్రభుత్వ బడి ఉంటుంది. టీసీ ఇంకా అందలేదని గానీ, వయసు ధ్రువపత్రం లేదని గానీ, ఏడాది మధ్యలో వచ్చారని గానీ పిల్లను చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. రైతన్నలారా, మీ కల్లం దగ్గర తాలు ఏరుతున్న పిల్ల కనబడితే మీ ఊరి బడికి ఒక మాట చెప్పండి. మాస్టారూ, ఆ పిల్లను రానివ్వండి, మధ్యాహ్నం అన్నం పెట్టించండి. ఎన్ని రోజులు వచ్చిందో, ఏ పాఠం దాకా చదివిందో ఒక తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఉగాదికి లారీ ఎక్కేటప్పుడు తల్లి చేతికి ఇవ్వండి. ఆ కాగితం మాకు చేరితే ఆ పాఠం నుంచే మొదలుపెడతాం.